దూదికి పూనకం

జూలైలో పొందూరు హైస్కూలుకి బదిలీ.
బీరువా తెరిస్తే ఒక అయస్కాంతం,
వత్తి లేని స్పిరిట్ దీపం,
చెదలు తిన్న ఆవర్తన పట్టిక.
హైడ్రోజన్ ఉంది, హీలియం లేదు.

ఎనిమిదో తరగతి నల్లబల్ల మీద రాశాను:
పదార్థం అనగా స్థలాన్ని ఆక్రమించేది, ద్రవ్యరాశి కలది.
నలభై రెండు గొంతులు ఒక్కసారే ఒప్పజెప్పాయి.
ఆ వాక్యం మాత్రం ఎవరి ముఖంలోనూ
ఏ స్థలాన్నీ ఆక్రమించలేదు.

చివరి బెంచీ నుంచి హైమావతి లేచింది.
"కరెంటు పదార్థమేనా మాస్టారూ?
కాకపోతే పోయింది, పోయింది అంటారేటి?
పోయి ఎక్కడుంటాది?"
అదే క్షణాన ఫ్యాను ఆగింది.
పిల్లలు నవ్వారు. నేను తప్పించుకున్నాను.

మర్నాడు ప్లాస్టిక్ దువ్వెన తలకి రుద్ది
కాగితం ముక్కల మీద పట్టాను.
ఒక్కటీ కదల్లేదు.
బయట వాన. తడిగాలిలో ఆవేశం నిలవదని నాకు తెలుసు.
దువ్వెన మంచిది కాదన్నాను.
ఆ చిన్న అబద్ధం
ఆర్నెల్లు జేబులో సుద్దముక్కలా అరిగింది.

మాఘంలో, ఎండ పొడిపొడిగా కాస్తున్న ఒక ఆదివారం
హైమావతి వాళ్ళింటికి పిలిచింది.
వాళ్ళ మామ్మ తవిటమ్మ
వాలుగ చేప దవడతో కొండపత్తి దువ్వుతోంది,
చంటిపిల్ల జడలో చిక్కు తీసినంత నెమ్మదిగా.
అరటి దొప్పలో ఏకులు,
గోడకి ఒక్కటే బల్బు,
మీటరు మీద సాలెగూడు.

దువ్వుతూ దువ్వుతూ ఉండగా
పోగులు లేచి నిలబడ్డాయి.
ఒకదాన్నొకటి తాకకుండా,
పంతం పట్టిన తోడికోడళ్ళలా ఎడమెడంగా.
కొన్ని ఆమె ముంజేతి మీదికి ఎగబాకాయి.

"సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి"
అన్నాను, నల్లబల్ల లేని చోట కూడా.

ఆమె తలెత్తకుండానే అంది:
"పూనకం బాబూ. దూదికి పూనకమొచ్చినాది.
మాగంలో వస్తాది. వానాకాలం రమ్మన్నా రాదు.
సుక్క నీల్లు సిలకరిస్తే దిగిపోద్ది."

చెంబులో వేళ్ళు ముంచి విదిలించింది.
పోగులన్నీ తలలు వంచేశాయి.
నా నోట్సులో దీన్ని ఉత్సర్గం అంటారు.
ఆ మాట నోటిదాకా వచ్చి, ఎందుకో
అక్కడే కూర్చుండిపోయింది.

రాట్నం తిరిగింది. నూరో నంబరు నూలు,
వెలుతురుకి అడ్డం పట్టి చూస్తే తప్ప కనబడదు.
"ఇంకా సన్నం తియ్యొచ్చా?" అడిగాను.
"తియ్యొచ్చు. తీస్తే అది నూలవదు బాబూ, దుమ్మవుద్ది."

పదార్థ ధర్మాలన్నీ నిలుపుకొని
స్వేచ్ఛగా ఉండగల అతి చిన్న కణం, అణువు.
పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్నాను.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య
ఆ హద్దు తగులుతుందని నాకెవరూ చెప్పలేదు.
పరమాణువు ఆ తరవాతి మాట,
ఆ దుమ్ముకి కూడా అవతల ఎక్కడో.

చిలపకి ఎంతిస్తారని అడిగాను.
చెప్పింది.
లెక్కల మాస్టారికి కూడా చెప్పబుద్ధి కాని అంకె.

ఏప్రిల్. వార్షిక పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.
ఏడో ప్రశ్న: స్థిర విద్యుత్తు అనగానేమి? ఉదాహరణ ఇమ్ము.

హైమావతి రాసింది:
"దూదికి పూనకం రావడాన్ని స్థిర విద్యుత్తు అందురు.
ఇది మాఘమాసంలో వచ్చును.
నీళ్ళు చిలకరిస్తే దిగిపోవును.
దువ్వెన మంచిదే, ఆ రోజు వాన పడింది."

చివరి వాక్యం దగ్గర ఎర్రసిరా పెన్ను ఆగింది.
పక్కన జవాబుల తాళిక, దాంట్లో గాజుకడ్డీ, పట్టుగుడ్డ.
ఈ బడిలో రెండూ లేవు.

రెండుకి రెండు వేశాను.
వేసి కాసేపు అలాగే కూర్చున్నాను.
కిటికీలోంచి వడగాలి. ఫ్యాను తిరగడం లేదు.

కరెంటు పోయి ఎక్కడుంటుందో
ఆ పిల్లకి ఇంకా చెప్పనేలేదు.